ఏ సినిమాలోది?

1991 వేసవిలో, మద్రాసులో చదువుకుంటున్న మా పెద్దమ్మ కొడుకు సెలవులకి జహీరాబాద్ వస్తూ ఒక క్యాసెట్ తెచ్చాడు. రెండ్రోజులే ఇస్తానన్నాడు. కాపీ చేయించుకుందామని బస్టాండు దగ్గరి షాపుకి పరిగెత్తాను. ఆ షాపతను ఖాళీ క్యాసెట్లో పాటలు ఎక్కించి, అట్ట మీద స్కెచ్ పెన్నుతో సినిమా పేరు రాసి ఇచ్చేవాడు. పేరు రాయందే క్యాసెట్ చేతికివ్వడు. అదొక పద్ధతి.

"ఏ సిన్మలదిది?" అన్నాడు.

"సిన్మది కాదన్నా."

"ఇళయరాజా అంటివి గద?"

"ఇళయరాజానే. గని సిన్మ కాదు."

"మరి పాటలెవ్వరు పాడిన్రు? బాలునా?"

"ఎవ్వరు పాడలే. మొత్తం ఫిడేలే ఉంటది."

పెన్ను గాల్లో పట్టుకుని కాసేపు ఆలోచించాడు. చివరికి ‘ఇళయరాజా - సినిమా లేదు’ అని రాసి ఇచ్చాడు.

అసలు క్యాసెట్ మీదున్న పేరు ‘హౌ టు నేమ్ ఇట్?’. అంటే, దీనికేమని పేరు పెట్టాలి? అంతంతమాత్రం ఇంగ్లీషుతో ఆ పేరు నాకు సరిగ్గా తలకెక్కడానికి రెండేళ్ళు పట్టింది. ఎక్కిన రోజున షాపతను గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇళయరాజా అట్ట మీద అచ్చువేసిన ప్రశ్ననే అతను స్కెచ్ పెన్ను పట్టుకుని నన్నడిగాడు.

ఆ ఆల్బమ్ 1986లో వచ్చింది. అదే ఏడాది మనవాళ్ళు ‘స్వాతిముత్యం’ పాటలు పాడుకుంటున్నారు. అంతకు మూడేళ్ళ ముందు ‘సాగర సంగమం’ ఆయనకి జాతీయ అవార్డు తెచ్చింది. సినిమాలతో ఊపిరి సలపని మనిషి దర్శకుడూ, కథా, గొంతూ ఏవీ లేని సంగీతాన్ని ఒక క్యాసెట్ నిండా రాశారు. దాన్ని ఇద్దరికి అంకితమిచ్చారు. ఒకరు త్యాగరాజు. రెండోవాడు జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్. బాఖ్ 1750లో పోయాడు, త్యాగరాజు 1767లో పుట్టారు. 17 ఏళ్ళ తేడాలో ఒకరినొకరు తప్పిపోయిన ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించడానికి ఆయన ఎంచుకున్న వాద్యం వయొలిన్. వాయించింది వి.ఎస్. నరసింహన్.

ఇప్పుడైతే పేరు సమస్య లేదు. పాటల యాప్ ఏది తెరిచినా ‘క్లాసికల్ క్రాస్ఓవర్’ అని ఒక అర ఉంటుంది. శాస్త్రీయ సంగీతాన్నీ పాప్ సంగీతాన్నీ కలిపిన వయొలిన్ ఆల్బమ్‌లన్నీ అందులో పడేస్తారు. క్రాస్ఓవర్ అంటే గట్టు దాటడం. ఈ వైపు నుంచి ఆ వైపుకి. నాకు ఆ మాట విన్నప్పుడల్లా ఒక అనుమానం వస్తుంది. వయొలిన్ విషయంలో మన వైపు ఏది, అవతలి వైపు ఏది?

అనుమానం నాది కాదు నిజానికి. మా మాస్టారిది.

మాస్టారు విజయనగరం వైపు వారు. కొడుక్కి మా ఊళ్ళో వ్యాన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగమొస్తే, రిటైరయ్యాక ఆయనా వచ్చి ఇక్కడ ఉన్నారు. జహీరాబాద్ అంటే బొంబాయి హైవే మీది ఊరు. దుకాణంలో ఉర్దూ, ఇంట్లో తెలుగు, గంటలోపు బీదర్ పోతే కన్నడ, సంతలో మరాఠీ. ఇన్ని భాషలున్న ఊళ్ళో కర్ణాటక సంగీతం మాత్రం ఆయన వాటాలోని ముందు గదిలోనే వినిపించేది. మేం నలుగురం పిల్లలం. అలవాటు కొద్దీ "సార్" అంటే, "మాస్టారూ అనండర్రా, సార్ అంటే ఆఫీసులో ఉన్నట్టుంటుంది" అనేవారు. చిన్నప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కచేరీ విన్న మనిషాయన. నాయుడు గారి కమాను గురించి చెప్పేటప్పుడు ఆయన కుడిచెయ్యి దానంతటదే గాల్లో నడిచేది.

క్యాసెట్ కాపీ చేయించుకున్న నెలకి అనుకుంటా, ఆయన ఇంట్లో లేరని నేను లేచి నిలబడి, ఎన్‌సైక్లోపీడియాలో చూసిన బొమ్మలోలాగా ఫిడేలు గడ్డం కింద పెట్టుకుని, క్యాసెట్లో విన్న ఒక ముక్క వాయించబోయాను. గుమ్మంలోంచి మాట వినిపించింది.

"దించు."

దించాను. ఏమిటది అని అడిగారు. చెప్పాను. క్యాసెట్ తెమ్మన్నారు. ఒక సైడు మొత్తం కళ్ళు మూసుకుని విన్నారు. మధ్యలో ఆపమనలేదు, అది ఇప్పటికీ నాకు గుర్తు. అయిపోయాక అన్నారు: "వాయించినవాడు గట్టివాడే. కానీ ఇది ఎవరి ఇల్లోయ్? నాలుగు ఫిడేళ్ళు నాలుగు దిక్కులకి పోతుంటే గమకం ఎక్కడ నిలబడుతుంది? అయినా సినిమావాళ్ళకి ఇదంతా ఎందుకు?"

పద్నాలుగేళ్ళ వాణ్ణి. "మీకు అర్థం కాలేదు మాస్టారూ" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాటి నుంచి నేను వెళ్ళలేదు. మరుసటి ఏడాది కొడుక్కి బదిలీ అయి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆయన అన్నదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. గమకం ఎక్కడుంది అన్నది సంగీతం గురించి. సినిమావాళ్ళకెందుకు అన్నది మనుషుల గురించి. ఆ రెండిటి వెనకా చరిత్ర ఉందని నాకు అప్పుడు తెలీదు. ఆయనకీ పూర్తిగా తెలుసని అనుకోను. ఇప్పుడు రాస్తున్నది ఆయనకివ్వాల్సిన జవాబు.

మొదట ఫిడేలు మన గడప ఎలా తొక్కిందో చూద్దాం. 18వ శతాబ్దం చివర, ముత్తుస్వామి దీక్షితుల కుటుంబం మద్రాసు దగ్గరి మణలిలో ఉండేది. వాళ్ళ పోషకులు మణలి ముదలియార్లు ఈస్టిండియా కంపెనీకి దుబాసీలు. దొరలతో పని కాబట్టి సెయింట్ జార్జ్ కోటకి రాకపోకలుండేవి. అక్కడ బ్యాండు వాయించేవాళ్ళు. దీక్షితుల సోదరులు ఆ సంగీతం విన్నారు. 1786లో పుట్టిన చిన్న తమ్ముడు బాలుస్వామికి ఫిడేలు మీద మనసైంది. ముదలియారు ఏర్పాటుతో ఒక యూరోపియన్ వాద్యకారుడి దగ్గర మూడేళ్ళు నేర్చుకున్నారు. తర్వాత ఆ వాద్యం మీద మన సంగీతం వాయించి, ఎట్టయపురం సంస్థానంలో ఆస్థాన విద్వాంసుడయ్యారు. ఇంచుమించు ఆ కాలంలోనే తంజావూరు సోదరుల్లో ఒకరైన వడివేలు కూడా ఫిడేలు పట్టారు. తిరువాన్కూరులో స్వాతి తిరునాళ్ ఆయనకి దంతపు ఫిడేలు బహూకరించారు.

బాలుస్వామి కథ మనకి చేరిన దారి ఇంకా బాగుంటుంది. ఆయన కూతురి కొడుకు, దత్తపుత్రుడు కూడా అయిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అచ్చువేశారు. తమిళదేశం నడిబొడ్డున అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగు పుస్తకం. అందులో గమకాలకి ఒక్కోదానికి ఒక్కో గుర్తు ఉంది. ఆయన చేత దాన్ని రాయించడానికి పట్టుబట్టినవారు చిన్నస్వామి ముదలియార్ అనే మద్రాసు క్రైస్తవుడు. ఆయన అంతకుముందు నుంచే మన కీర్తనల్ని యూరోపియన్ స్టాఫ్ నొటేషన్లో రాసి అచ్చువేస్తున్నారు. అంటే, పేరులోనే ‘సంప్రదాయం’ ఉన్న పుస్తకం పుట్టడానికి పాశ్చాత్య స్వరలిపి మీద మోజుపడ్డ మనిషి కారకుడు. కోట బ్యాండు దగ్గర ఫిడేలు నేర్చుకున్నాయన మనవడు దాని రచయిత.

కోట బ్యాండు విన్నది తమ్ముడొక్కడే కాదు. ముత్తుస్వామి దీక్షితులు ఆ ట్యూన్లకి సంస్కృత సాహిత్యం కట్టారు. వాటిని నొట్టుస్వరాలంటారు. నొట్టు అంటే మరేం కాదు, ఇంగ్లీషు ‘నోట్’. ఇవి దాదాపు 40 దొరుకుతున్నాయి. ఇంగ్లండు రాజుని కాపాడమని దేవుణ్ణి వేడుకునే జాతీయగీతం వరసలో ఆయన ‘సంతతం పాహి మాం’ అని అమ్మవారిని వేడుకున్నారు. ఈ రోజుకీ సంగీతం క్లాసుల్లో చిన్నపిల్లలకి ‘శక్తి సహిత గణపతిం’ నేర్పుతారు. అదీ నొట్టుస్వరమే. మా మాస్టారూ నేర్పారు. అది శంకరాభరణం స్వరాల్లో ఉంటుంది, సాదాగా, మెట్టు మీంచి మెట్టు మీదికి అడుగేసినట్టు ఉంటుంది. గమకం ఉండదు. గమకం లేదని దాన్నెవరూ బయటికి పంపలేదు.

చెప్పొచ్చేదేమంటే, అదే కోట బ్యాండు వారసులు మా ఊరికీ వచ్చారు. జహీరాబాద్‌లో బరాత్ ముందు క్లారినెట్ పట్టుకుని సినిమా పాట ఎత్తుకునే బ్యాండ్ మేళం ఆ దొరల సైనిక బ్యాండుకి దూరపు చుట్టమే. బ్యాండులోంచి ఒక వాద్యం సభకెక్కింది, ఒకటి పెళ్ళి ఊరేగింపులో నడిచింది. ఎక్కినదాన్ని శాస్త్రీయం అన్నాం.

మరి ఫిడేలుకి అంత సులువుగా పీట ఎలా దొరికింది? అది వంగుతుంది కాబట్టి. వీణకైనా మెట్లుంటాయి. ఫిడేలుకి అవీ లేవు. వేలు ఎక్కడ పెడితే అక్కడ స్వరం, ఎంత జారిస్తే అంత జారుడు. గొంతు చేసే పనంతా చేస్తుంది. గమకమంటే స్వరాన్ని ఊపడం, పక్క స్వరం అంచు తాకించి తీసుకురావడం. తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలబడదు, రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగటమే తోడి. దానికోసం మనవాళ్ళు ఫిడేలు పట్టే తీరే మార్చేశారు. నిలబడి గడ్డం కింద పట్టేదాన్ని, కింద కూర్చుని, తల భాగం కుడికాలి మడమ దగ్గర ఆనించి, రెండో కొస ఛాతీకి చేర్చి పట్టారు. వాద్యం బరువు మోసే పని ఎడమచేతికి తప్పింది. ఇక అది తీగ పొడుగునా ఇష్టమొచ్చినట్టు జారొచ్చు. తీగల శృతీ మార్చి, స ప స ప అని కట్టారు. నాలుగు తీగలు, కర్రపెట్టె, గుర్రపు వెంట్రుకల కమాను అవే. కూర్చోవడం మనది.

ఫిడేలు తర్వాత యూరప్ నుంచి ఇంకో వాద్యం వచ్చింది. దాని కథ వేరు. అది హార్మోనియం. పద్యనాటకాన్ని హార్మోనియం లేకుండా ఊహించుకోలేం. సురభి వాళ్ళ డేరాలో అయినా, మా ఊరి భజనలో అయినా అదే ఆధారం. కానీ దాని మెట్టు నొక్కితే ఒకే స్వరం పలుకుతుంది. స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న జాగాలోకి వెళ్ళడానికి దానికి దారి లేదు. ఆ కారణం చెప్పే ఆలిండియా రేడియో 1940లో దాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. గమనించండి, రెండూ విదేశీ వాద్యాలే. ఒకటి విద్వాంసుడి పక్కన కూర్చుంది, రెండోదాన్ని గేటు బయట నిలబెట్టారు. కాబట్టి ‘మనది, పరాయిది’ అన్నది ఇక్కడ అసలు పరీక్ష కాదు. వంగుతుందా, వంగదా అన్నదే పరీక్ష.

ఈ లెక్కన మాస్టారు గమకం ఎక్కడుందని అడగడం ఛాదస్తం కాదు. సరైన చోట వేలు పెట్టారు. పాశ్చాత్య సంగీతంలో ఒకేసారి మూడు నాలుగు స్వరాలు కలిసి పలుకుతాయి. అలా కలిసి పలకాలంటే ప్రతి స్వరం తన చోట కదలకుండా నిలబడాలి. ఒకటి ఊగితే పొందిక చెడుతుంది. మనకేమో ఊగకపోతే రాగం లేదు. రెండింటినీ కలపడమంటే, నిలబడమని ఒకరు, ఊగమని ఒకరు ఒకే చెయ్యిని పట్టుకుని లాగడమే. చాలా ఫ్యూజన్ ఇక్కడే జారిపడుతుంది.

అయితే మాస్టారు తాను ఎవరి పేరు చెప్పుకునేవారో ఆ మనిషి కథ కూడా చూడాలి. ద్వారం వెంకటస్వామి నాయుడు 1893లో బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. చూపు సరిగా ఉండేది కాదు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల పెట్టినప్పుడు, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, 26 ఏళ్ళ ద్వారం వారు ఫిడేలు ఆచార్యుడు. 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యారు. అప్పటిదాకా ఫిడేలంటే పాడేవారి వెనక నడిచే పక్కవాద్యం. 1938లో ఆయన వెల్లూరులో ఫిడేలునే ప్రధానం చేసి సోలో కచేరీ ఇచ్చారు. జనం ‘ఫిడేలు నాయుడు’ అని ఇంటిపేరు మార్చేశారు. ఆయన పాశ్చాత్య వాద్యకారుల రికార్డులు శ్రద్ధగా విన్నారు. తీగ మీద నిండుగా, పొడుగ్గా నడిచే వాళ్ళ కమాను పద్ధతిని తన చేతికి పట్టించుకున్నారు. 1952లో యెహుదీ మెనూహిన్ భారతదేశం వచ్చినప్పుడు మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ ఇంట్లో ఆయన వాద్యం విని ముగ్ధుడయ్యాడు. మా మాస్టారు గాల్లో గీసి చూపించిన కమాను ఉందే, సగం అవతలి గట్టుదే. బాలుస్వామి కాలంలో ఫిడేలు మనకోసం వంగింది. ద్వారం వారి దగ్గర మన చెయ్యి దానికోసం కొంచెం వంగింది.

సాహిత్యం చదివేవాళ్ళకి ఇక్కడ ఒక సరదా సంగతి ఉంది. వెల్లూరు కచేరీ జరిగిన మరుసటి ఏడాదే, 1939లో, పఠాభి ‘ఫిడేలు రాగాల డజన్’ వేశారు. ఛందస్సు నడ్డి విరుస్తానని బయల్దేరిన కవి తన పుస్తకానికి వీణ పేరు పెట్టలేదు, ఫిడేలు పెట్టారు, పక్కన ‘డజన్’ కూడా కూర్చోబెట్టారు. అంటే ఆ రోజుల్లో తెలుగు చెవికి ఫిడేలు ఏకకాలంలో రెండు. విజయనగరంలో సంప్రదాయం, మద్రాసులో కుర్రకవికి తిరుగుబాటు. ఒకే వాద్యం, ఒకే దశకం. అది ఏదన్నది ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి తేలింది.

ఇక రెండో ప్రశ్న. సినిమావాళ్ళకెందుకు?

ఇళయరాజా తమిళనాడులోని పణ్ణైపురం అనే పల్లెలో పుట్టారు. అన్న పావలర్ వరదరాజన్ కమ్యూనిస్టు పార్టీ సభల్లో పాటలు పాడే బృందం నడిపేవారు. తమ్ముడు హార్మోనియం పట్టుకుని ఆ బృందంతో ఊరూరా తిరిగారు. అవును, రేడియో గేటు బయట నిలబెట్టిన హార్మోనియమే. 1960ల చివర్లో మద్రాసు చేరి, ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. అక్కడ కాగితం మీద సంగీతం రాయడం వచ్చింది. 1976లో మొదటి సినిమా. పదేళ్ళకి ఈ ఆల్బమ్. మెట్లు నొక్కే వాద్యంతో మొదలైన మనిషి, మెట్లులేని వాద్యం కోసం రాశారు. నాకు ఇందులో ఒక న్యాయం కనిపిస్తుంది. నిలకడ స్వరాలు ఎలా కలిసి పలుకుతాయో చేతివేళ్ళకి తెలిసినవాడే, వాటి మధ్య ఊగే స్వరానికి ఎంత జాగా వదలాలో లెక్కగట్టగలడు.

ఆల్బమ్‌లో ఒక ముక్క పేరు ‘ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్’. బాఖ్ ఒంటరి వయొలిన్ కోసం రాసిన మూడో పార్టిటాలోని ప్రెల్యూడ్ అందులో వినిపిస్తుంది. అలుపులేకుండా పరుగెత్తే స్వరాలు. దాని చుట్టూ ఇళయరాజా రాసిన మాటలు వచ్చి చేరతాయి. తర్వాతి ముక్క ‘అండ్ వి హ్యాడ్ ఎ టాక్’. కలిశాం, మాట్లాడుకున్నాం, అంతే. ‘మ్యాడ్ మోడ్ మూడ్ ఫ్యూగ్’ అని ఇంకోటుంది. ఫ్యూగ్ అంటే భజనలో ఒకరు అందిస్తే ఇంకొకరు అందుకున్నట్టుంటుంది, కాకపోతే మొదటివాడు ఆగడు. రెండోవాడు అదే మాట ఎత్తుకుంటుంటే మొదటివాడు దానికి పొసిగేలా వేరే మాట చెబుతూనే ఉంటాడు. మాస్టారికి నాలుగు దిక్కులకి పోతున్నట్టు వినిపించింది ఇదే. నేను ఇప్పుడు వింటే, ఒక గొంతు ఊగుతున్నప్పుడు మిగతావి తప్పుకుని దారి ఇవ్వడం వినిపిస్తుంది. ‘చాంబర్ వెల్కమ్స్ త్యాగరాజ’ అన్న పేరులో కూడా ఆ మర్యాదే ఉంది. అన్ని ముక్కలూ సమానంగా నిలబడవు. కొన్నింట్లో రెండు సంగీతాలు బస్సులో పక్కపక్కన కూర్చున్న అపరిచితుల్లా ప్రయాణం చేసి దిగిపోతాయి. కానీ కుదిరినచోట మాత్రం ఇద్దరూ కొంచెం కొంచెం వంగారు.

బాఖ్ గురించి ఒకటి చెప్పాలి. ఆ ప్రెల్యూడ్‌ని అతను 1720 నాటి రాతప్రతిలో ఒంటరి వయొలిన్‌కి రాసుకున్నాడు. 1731లో లైప్‌జిగ్ నగరపాలక మండలి వేడుక కోసం తానే దాన్ని తీసి ఆర్గన్‌కి మార్చి, వెనక వాద్యబృందాన్నీ బాకాల్నీ పెట్టి ఒక కంటాటా మొదట్లో వాడుకున్నాడు. దాన్ని మరో వాద్యం మీదికి దాటించిన మొదటివాడు బాఖే. త్యాగరాజుతో కూర్చోబెట్టినందుకు అతనైతే కోప్పడి ఉండడు.

పోలికకి ఇంకో ఆల్బమ్ చెప్తాను. 1996లో హైదరాబాద్ హాస్టల్ టీవీలో వనెస్సా-మే కనిపించింది. సింగపూర్‌లో పుట్టి లండన్‌లో పెరిగిన అమ్మాయి. ‘ది వయొలిన్ ప్లేయర్’ 1995లో వచ్చేనాటికి 16 ఏళ్ళు. ఈ రోజు క్రాస్ఓవర్ వయొలిన్ అనగానే ప్రపంచమంతా గుర్తుచేసుకునే ఆల్బమ్ అదే. అందులోనూ బాఖే. ఆర్గన్ మీది ‘టొకాటా అండ్ ఫ్యూగ్’ కింద డాన్స్ బీటు పెట్టి ఎలక్ట్రిక్ వయొలిన్ మీద వాయించింది. హాస్టల్లో అందరం లేచి ఎగిరాం, అబద్ధమెందుకు. చెయ్యి గట్టిది, అనుమానం లేదు. కానీ పాట అయిపోయాక బాఖ్ ఎక్కడివాడు అక్కడే ఉన్నాడు, బీటు ఎక్కడిది అక్కడే ఉంది. పైన ఒకరు, కింద ఒకరు అద్దెకున్నట్టు. ఎవరూ వంగలేదు. ఆ మరుసటి ఏళ్ళలో వచ్చిన, ఇప్పుడు రీల్స్‌లో రోజూ వస్తున్న వయొలిన్ కవర్లలో ఎక్కువభాగం ఈ ఇంటి నమూనాలోనే కట్టారు.

వంగడమంటే ఏమిటో చూడాలంటే మన పాలకొల్లు వెళ్ళాలి. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చేతికి దొరికింది మాండలిన్. అదీ యూరప్‌దే. జంట తీగలు, టింగుమని మీటితే వెంటనే ఆరిపోయే నాదం. గమకానికి పనికిరాదని తేల్చేయొచ్చు. ఆయన జంట తీగలు తీసేసి ఐదు ఒంటితీగలు కట్టించి, ఎలక్ట్రిక్ చేసి, నాదం నిలబడేలా చేసుకుని దాని మీద తోడి ఊపారు. 1995లో, అంటే వనెస్సా-మే వచ్చిన ఏడాదే, మైఖేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ అనే ఆల్బమ్ కూడా చేశారు. మొదట వాద్యాన్ని వంచారు, ఆ తర్వాత గట్టు దాటారు.

ఇక్కడికొచ్చాక మాస్టారి రెండో ప్రశ్నకి జవాబు చెప్పగలను. దీక్షితులు కోట బ్యాండు ట్యూను తీసుకుంటే నొట్టుస్వరం, సంప్రదాయం. బాలుస్వామి దొర దగ్గర నేర్చుకుంటే విద్య. నాయుడు గారు రికార్డులు విని కమాను మార్చుకుంటే బాణీ. హార్మోనియం మోసుకుని పల్లెలు తిరిగొచ్చినవాడు అదే పని చేస్తే మాత్రం "సినిమావాళ్ళకి ఎందుకు?" కలపడం ఎప్పుడూ తప్పు కాలేదు. ఎవరు కలుపుతున్నారు అన్నదాన్ని బట్టి దానికి పేరు పెట్టాం. మాస్టారు చెడ్డవారు కారు. ఆ మాట ఆయన సొంతం కూడా కాదు, ఆయన పెరిగిన గాలిలో ఉన్నది. ఇప్పటి యువతరం తాము ఆ గాలి పీల్చడం లేదనుకుంటే, స్వతంత్ర ఆల్బమ్ అనగానే కుదురుగా వినే మనం అదే ముక్క సినిమాలో వస్తే ‘బీజీఎం’ అని ఎందుకు పక్కన పెడతామో ఆలోచించుకోవాలి.

షాపతని ప్రశ్నకి కూడా జవాబు దొరికింది, చాలా ఆలస్యంగా. బాలు మహేంద్ర ఈ ఆల్బమ్‌లోని సంగీతాన్నే తీసుకుని తన తమిళ సినిమాకి నేపథ్యంగా వాడుకున్నారు. 1988లో వచ్చింది. నటించింది అర్చన, మన ‘దాసి’లో చేసిన అర్చన. ఒక మధ్యతరగతి కుటుంబం సొంత గూడు కట్టుకోవడానికి పడే యాతన ఆ కథ. పేరు ‘వీడు’. తమిళంలో ఇల్లు అని అర్థం. నేను క్యాసెట్ కాపీ చేయించుకునేనాటికే ఆ సంగీతానికి ఒక సినిమా ఉంది. "ఇది ఎవరి ఇల్లోయ్?" అని మాస్టారు అడిగేనాటికే దానికి ఇల్లు అన్న పేరున్న కొంప ఒకటి దొరికింది. మా ఇద్దరికీ తెలీదు.

పోయిన సంక్రాంతికి మా అక్క కూతురు హైదరాబాద్ నుంచి జహీరాబాద్ వచ్చింది. పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటోంది, గ్రేడ్ పరీక్షలు రాస్తోంది. బీరువా సర్దుతుంటే ‘ఇళయరాజా - సినిమా లేదు’ దొరికింది. ఆడించే టేప్ రికార్డరు ఇంట్లో లేదు. ఫోన్లో వెతుక్కుని విని, నాలుగైదు సార్లు వాయించి, నా దగ్గరికి వచ్చింది.

"మామా, నోట్స్ అన్నీ కరెక్టే. గని అట్ల వస్తలేదు."

కింద కూర్చోమన్నాను. నవ్వింది. నేనే ముందు కూర్చుని ఆమె వయొలిన్ తీసుకుని మడమ దగ్గర ఆనించాను. ముప్పై ఏళ్ళు దాటింది. వేలు కాయ కరిగిపోయి ఎప్పుడో మెత్తబడింది, తీగ కోసినట్టయింది. ఆ ఒక్క జారుడు, మొదటిసారి ఎక్కడికో పోయింది. రెండోసారి అపశృతి. నాలుగోసారికి మాస్టారి ముందుగదిలో వినిపించిన దాని పోలిక కొంచెం వచ్చింది. తను వింది. కింద కూర్చుని రెండుసార్లు ప్రయత్నించింది. కాళ్ళు నొప్పెడుతున్నాయంది.

లేచి నిలబడి, వయొలిన్ గడ్డం కింద పెట్టుకుని, అదే జారుడు అక్కడ వెతకడం మొదలుపెట్టింది. ఎడమచెయ్యి పట్టుకోవడానికీ జారడానికీ మధ్య ఇరుక్కుపోతోంది. అయినా ఏదో వస్తోంది. నేను నేర్చుకున్నది కాదు, క్యాసెట్లోదీ కాదు.

‘దించు’ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఊరుకున్నాను.